కెర్నెల్‌కి మొదటి ప్యాచ్: 3 లైన్లు, 93 రోజులు

లినక్స్ కెర్నెల్‌కి (ఆ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కోడ్) నేను పంపిన మొదటి ప్యాచ్, అంటే కోడ్ సవరణ, పని మొదలుపెట్టిన 93వ రోజున లినక్స్‌ని మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ చూసుకునే ప్రధాన ట్రీలోకి (కోడ్ భాండాగారంలోకి) చేరింది. మారింది మూడే మూడు లైన్లు. వాటిని రాయడానికి పట్టింది ఒక్క సాయంత్రం. మిగతా రోజులు ఎక్కడెక్కడ పోయాయో, ఏ మెట్టు దగ్గర ఎంతసేపు ఆగాల్సి వచ్చిందో వరసగా రాస్తున్నాను. సి భాష, గిట్ (కోడ్ మార్పుల చరిత్రని దాచే సాధనం) కాస్త తెలిసుండి, తర్వాత ఏం చేయాలో తోచక ఆగిపోయినవాళ్లకి పనికొస్తుందని నా ఆశ.

మొదటి రోజు కోడ్ దించుకోవడంతోనే సరిపోయింది. నిజానికి అది కూడా కాలేదు. కెర్నెల్ చరిత్రంతా కలిపి దించుకోవాలంటే రెండు జీబీలకు పైనే. నేను ఫోన్ హాట్‌స్పాట్ మీద మొదలుపెట్టాను, రోజుకి 2 జీబీ ప్యాక్. డెబ్బై శాతం దాటాక స్పీడ్ పడిపోయింది, కాసేపటికి కనెక్షన్ తెగింది. మళ్లీ అదే కమాండ్ కొడితే సున్నా నుంచి మొదలైంది. గిట్ క్లోన్ ఆగిన చోటు నుంచి అందుకోదు. మర్నాడు కూడా అదే కథ. రెండు డేటా ప్యాక్‌లు అలా పోయాక తెలిసింది, దీనికి మందు కెర్నెల్ డాట్ ఆర్గ్‌లోనే ఉందని. చరిత్రంతా ఒకే ఫైలుగా, క్లోన్ బండిల్ పేరుతో పెట్టి ఉంచారు. మామూలు ఫైలే కాబట్టి, ఫైళ్లు దించే డబ్ల్యూగెట్ కమాండ్‌కి "హైఫన్ సి" తగిలిస్తే ఎన్నిసార్లు తెగినా ఆగిన చోటు నుంచే దిగుతుంది. ఆ ఫైలు నుంచి క్లోన్ చేసి, రిమోట్ అడ్రస్‌ని అసలు ట్రీకి మార్చి ఒకసారి ఫెచ్ చేస్తే చాలు. మూడో రోజు రాత్రికి కోడ్ చేతికొచ్చింది.

డెప్త్ 1 అని పెట్టి చివరి కమిట్ ఒక్కటే దించుకుంటే తక్కువలో అయిపోతుందని చాలామంది చెప్తారు. ప్యాచ్ పంపే ఉద్దేశం ఉంటే మాత్రం అలా చేయొద్దు. ఒక లైను ఎప్పుడు, ఏ కమిట్‌తో వచ్చిందో తర్వాత చూసి చెప్పాల్సి వస్తుంది. చరిత్ర లేకపోతే ఆ పని జరగదు.

ఇంకో సంగతి, ఆ ప్రధాన ట్రీ మీద పని చేయకూడదు. మనం ఏ విభాగంలో మార్పు చేస్తున్నామో ఆ విభాగం ట్రీ మీదే చేయాలి. నేను ఎంచుకున్నది స్టేజింగ్. ఇంకా పూర్తిగా పక్వానికి రాని డ్రైవర్లు ఉండే చోటు అది, చూసుకునేది గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్. ఆ ట్రీని రెండో రిమోట్‌గా కలుపుకుని స్టేజింగ్-టెస్టింగ్ బ్రాంచ్ మీద మొదలుపెట్టాలి. ప్రధాన ట్రీ మీద రాసిన ప్యాచ్ అక్కడ అతకకపోవచ్చు. అతకకపోతే సరిచేసి పెట్టడానికి ఎవరికీ తీరిక ఉండదు.

రెండో రోజునే సమాంతరంగా ఇంకో పని మొదలుపెట్టాను, ఆఫీసు అనుమతి. ఐటీ ఉద్యోగంలో ఉన్నవాళ్లు దీన్ని దాటేయకూడదు. ప్రతి ప్యాచ్ కింద "సైన్డ్ ఆఫ్ బై" అని మన పేరు, మెయిల్ ఉండే ఒక లైను తప్పనిసరి. అది మర్యాద కోసం పెట్టే సంతకం కాదు. 2004లో తెచ్చిన డెవలపర్స్ సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ అనే చిన్న ప్రకటనకి ఒప్పుకుంటున్నట్టు అర్థం: ఈ కోడ్ నేనే రాశాను, దీన్ని ఈ లైసెన్స్ కింద ఇచ్చే హక్కు నాకుంది, ఈ రికార్డు ఎప్పటికీ బహిరంగంగా ఉంటుందని నాకు తెలుసు. మరి ఆ హక్కు నాకుందా? నా అపాయింట్‌మెంట్ లెటర్ తీసి చదివితే, ఉద్యోగంలో ఉన్నంతకాలం రాసే సాఫ్ట్‌వేర్ అంతా కంపెనీదే అన్నట్టు ఒక క్లాజు ఉంది. సొంత ల్యాప్‌టాప్, సొంత సమయం అన్న మినహాయింపు ఎక్కడా కనపడలేదు. మేనేజర్‌కి మెయిల్ పెట్టాను, ఆయన లీగల్ వాళ్లకి పంపారు, వాళ్లు రెండు ప్రశ్నలు అడిగారు. 13వ రోజున "ఒప్పుకుంటున్నాం" అని రెండు లైన్ల మెయిల్ వచ్చింది. పదకొండు రోజులు. మొదట్లోనే అడిగాను కాబట్టి ఆ రోజులు వృథా కాలేదు. ఆ మెయిల్‌ని భద్రంగా దాచుకున్నాను.

ఈలోగా బిల్డ్, అంటే ఆ కోడ్‌ని కంపైల్ చేయడం. ఇక్కడ పోయిన సమయం నన్ను అన్నిటికంటే ఎక్కువ విసిగించింది, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. ఉబుంటులో జీసీసీ, మేక్‌తో పాటు ఫ్లెక్స్, బైసన్, బీసీ, ఎన్‌కర్సెస్, ఓపెన్‌ఎస్ఎస్ఎల్, లిబ్‌ఎల్ఫ్ డెవలప్‌మెంట్ ప్యాకేజీలు కావాలి. /బూట్‌లో ఉన్న ఉబుంటు కాన్ఫిగ్‌ని (ఏవేవి కంపైల్ చేయాలో చెప్పే ఫైలు) తెచ్చి బిల్డ్ చేయమని చాలా చోట్ల ఉంటుంది. నేనూ అదే చేశాను. కెనానికల్ సర్టిఫికెట్ ఫైలు లేదంటూ ముందే ఆగింది. కాన్ఫిగ్‌లో సిస్టమ్ ట్రస్టెడ్ కీస్, రివొకేషన్ కీస్ రెండింటినీ ఖాళీ చేస్తే ఆ అడ్డు తొలగింది. తర్వాత ఐదు గంటలు నడిచి డిస్క్ నిండిపోయిందని ఆగింది. ఉబుంటు కాన్ఫిగ్‌లో వేల డ్రైవర్లు, పైగా డీబగ్ సమాచారం అంతా ఆన్‌లో ఉంటాయి. నా దగ్గర ఖాళీగా ఉన్న 40 జీబీ ఏ మూలకీ చాలలేదు. ఒక డ్రైవర్‌లో మూడు లైన్లు మార్చేవాళ్లకి ఇదంతా అనవసరం. అంతా తుడిచేసి, కెర్నెల్‌తో పాటే వచ్చే చిన్న కాన్ఫిగ్ అయిన డెఫ్‌కాన్ఫిగ్‌తో మొదలుపెడితే, 8 జీబీ ర్యామ్ ఉన్న నా నాలుగు కోర్ల ల్యాప్‌టాప్ మీద 45 నిమిషాల్లో అయింది.

అసలు ఉచ్చు ఆ తర్వాత ఉంది. డ్రైవర్ ఫోల్డర్ పేరు ఇచ్చి మేక్ కొట్టాను. క్షణాల్లో అయిపోయింది, ఒక్క తప్పూ చూపలేదు. మరీ ఇంత త్వరగానా అని అనుమానం వచ్చి, ఫైలు తెరిచి ఒక లైను చివరి సెమీకోలన్ తీసేసి మళ్లీ మేక్ కొట్టాను. మళ్లీ తప్పు లేదు! అంటే అది నా ఫైలుని కంపైల్ చేయనే లేదు. కాన్ఫిగ్‌లో ఆ డ్రైవర్ ఆన్ చేయకపోతే ఆ ఫోల్డర్‌లో చేయాల్సిన పని ఏమీ లేదనుకుని మేక్ నిశ్శబ్దంగా బయటికి వచ్చేస్తుంది. సరే ఆన్ చేద్దామని, కాన్ఫిగ్ మార్చే మెనూ అయిన మెనూకాన్ఫిగ్ తెరిస్తే, స్టేజింగ్ డ్రైవర్స్ కింద దాని పేరే లేదు. మెనూలో స్లాష్ నొక్కి పేరు వెతికితే అది దేని మీద ఆధారపడుతుందో చూపిస్తుంది. నాది ఎస్‌డీఐఓ (మెమరీ కార్డు తరహా కనెక్షన్) చిప్ మీద నడిచే వై-ఫై డ్రైవర్. దానికి కావాల్సిన ఎంఎంసీ (మెమరీ కార్డుల విభాగం) ఆఫ్‌లో ఉంది కాబట్టి మెనూలోంచే దాక్కుంది. ఎంఎంసీ ఆన్ చేశాక కనపడింది, ఎం నొక్కి మాడ్యూల్‌గా పెట్టాను. మళ్లీ మేక్ కొడితే సెమీకోలన్ లేదని గట్టిగా చెప్పింది. ఆ ఎర్రర్ చూసి ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. అప్పటినుంచి ఏ డ్రైవర్ ముట్టుకున్నా ముందు ఒక సెమీకోలన్ తీసి చూస్తున్నాను.

ఏం సరిచేయాలో వెతకడం. స్టేజింగ్‌లో డ్రైవర్ ఫోల్డర్లలో టూడూ అనే ఫైలు ఉంటుంది, చేయాల్సిన పనులు అందులో రాసి ఉంటాయి. కొత్తవాళ్లలో ఎక్కువమంది, కోడ్ రాసిన పద్ధతిని పరిశీలించే చెక్‌ప్యాచ్ స్క్రిప్ట్ నడిపి అది చూపిన ఖాళీలు, బ్రాకెట్లు సరిచేస్తారు. తప్పేం కాదు, పద్ధతి నేర్చుకోవడానికి అది మంచి దారే. నేను ఎర్రర్ దారులు చదవడం మొదలుపెట్టాను. పని సవ్యంగా జరిగే దారిని అందరూ పరీక్షిస్తారు, విఫలమయ్యే దారిని చూసేవాళ్లు తక్కువ. మూడు సాయంత్రాలు చదివాక ఒక ఫంక్షన్‌లో దొరికింది. చిప్ నుంచి సమాచారం చదవడానికి బఫర్ కోసం మెమరీ తీసుకుంటోంది, చదవడం విఫలమైతే దాన్ని విడిచిపెట్టకుండానే రిటర్న్ అయిపోతోంది. మెమరీ లీక్.

సరిచేసేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకోవాలి. కెర్నెల్‌లో ఇలాంటి చోట్ల ఫంక్షన్ చివర లేబుళ్లు (గోటూతో దూకి చేరే చోట్లు) ఉంటాయి. తీసుకున్న వరసకి తిరగేసిన వరసలో ఒక్కొక్కటీ విడిచిపెడతాయి. రిటర్న్‌ని గోటూగా మార్చి సరైన లేబుల్‌కి పంపాలి. ఒక మెట్టు పైనున్న లేబుల్‌కి పంపితే ఇంకా తీసుకోనిదాన్ని కూడా విడిచిపెట్టబోతుంది, అది లీక్ కన్నా పెద్ద తప్పు. నాకు కావాల్సిన లేబుల్ అక్కడ లేదు. ఒకటి కొత్తగా పెట్టాను. మూడు లైన్లంటే అవే.

కమిట్ చేసేటప్పుడు పేరు దగ్గర చిక్కుపడ్డాను. మనకి ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. కాలేజీ రోజుల్లో గిట్‌లో పెట్టుకున్న పేరు వెనక ఇనీషియల్‌తో ఉంది. మొదట దాంతోనే కమిట్ చేసి, తర్వాత గిట్ కాన్ఫిగ్‌లో పూర్తి పేరుకి మార్చుకుని, అమెండ్ (పాత కమిట్‌నే సవరించడం) చేస్తూ సంతకం లైను కలిపాను. రచయిత పేరు పాతది, సంతకం పేరు కొత్తది! చెక్‌ప్యాచ్ వెంటనే పట్టుకుంది. అమెండ్‌కి రీసెట్-ఆథర్ తగిలిస్తే రెండూ ఒకటయ్యాయి. ఏ వరసలో రాసుకున్నా అభ్యంతరం లేదు, అన్ని చోట్లా ఒకేలా ఉండాలి, అంతే. ఒకసారి కలిసిపోయాక ఆ పేరు చరిత్రలో అలాగే ఉండిపోతుంది, కాబట్టి ముందే స్థిరపరచుకోండి.

ఇక మెయిల్. గిట్‌హబ్‌లోలా ఇక్కడ పుల్ రిక్వెస్ట్ ఉండదు, ప్యాచ్ మెయిల్‌లోనే వెళ్తుంది. గిట్ సెండ్-ఈమెయిల్ కొడితే అలాంటి కమాండ్ లేదంది. ఉబుంటులో అది గిట్-ఈమెయిల్ అనే విడి ప్యాకేజీ. తర్వాత జీమెయిల్ నా పాస్‌వర్డ్ ఒప్పుకోలేదు. మామూలు పాస్‌వర్డ్‌తో ఇలాంటి ప్రోగ్రాములు లోపలికి రావడాన్ని 2022 మేలోనే ఆపేశారు. టూ-స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి, యాప్ పాస్‌వర్డ్ అని 16 అక్షరాలది ఒకటి తీసుకుని, పోర్టు 587, టీఎల్ఎస్ అని పెట్టాక వెళ్లింది. ఆఫీసు మెయిల్ వాడొద్దు. "ఈ మెయిల్ గోప్యం" అని కింద అంటుకునే ఫుటర్ ఉంటే, బహిరంగంగా పంపే ప్యాచ్‌కి అది పొసగదని పక్కన పెట్టేస్తారు. బ్రౌజర్‌లో జీమెయిల్ తెరిచి ప్యాచ్‌ని అతికించి పంపడం కూడా కుదరదు. కెర్నెల్ కోడ్‌లో ఇండెంట్ అంటే ట్యాబ్, ఎనిమిది గళ్ల వెడల్పు. బ్రౌజర్‌లో ఆ ట్యాబ్‌లు స్పేస్‌లైపోతాయి, పొడవు లైన్లు విరిగిపోతాయి. కంటికి తేడా తెలియదు, ప్యాచ్ మాత్రం అతకదు.

ముందు నాకే ఒకటి పంపుకున్నాను. వచ్చిన మెయిల్‌ని ఫైలుగా దించి, కొత్త బ్రాంచ్ మీద గిట్ ఏఎం తో అతికించి చూశాను. అతికింది. ఎవరికి పంపాలో గెట్ మెయింటైనర్ స్క్రిప్ట్‌ని అడిగితే చెప్తుంది. మెయింటైనర్లని (ఆ విభాగాన్ని చూసుకునేవాళ్లని) "టు"లో, మెయిలింగ్ లిస్టులని "సీసీ"లో పెట్టాను.

19వ రోజు రాత్రి పదకొండున్నరకి, పంపనా అని అడిగిన చోట వై నొక్కాను. నొక్కేముందు కనీసం పావుగంట తెర వంక చూస్తూ కూర్చున్నాను. ఆ మెయిల్ లిస్టుల భాండాగారం లోర్ డాట్ కెర్నెల్ డాట్ ఆర్గ్‌లో ఎప్పటికీ ఉంటుంది, తప్పుంటే తీసేయడానికి లేదు. ఆ భయం నిజమైనదే, దాన్ని తక్కువ చేసి చెప్పను.

మర్నాడు ఉదయానికే ఒక రివ్యూయర్ జవాబిచ్చారు. నమస్కారం లేదు, ముగింపు లేదు, నాలుగే లైన్లు. ఒక ప్యాచ్ ఒక్క పనే చేయాలి, ఖాళీల సవరణ దీంట్లో ఎందుకుంది? లీక్ ఎప్పటినుంచి ఉంది? ఎలా కనిపెట్టారు? పరీక్షించారా? చదవగానే మొహం వేడెక్కింది. సాయంత్రం మళ్లీ చదివితే అందులో కోపం ఎక్కడా లేదు. రోజుకి వందల మెయిళ్లు చూసేవాళ్లు రాసే తీరు అది. మనవైపు నుంచి కూడా "రెస్పెక్టెడ్ సర్" అక్కర్లేదు, క్షమాపణలు అక్కర్లేదు. అడిగిన ప్రతి ప్రశ్న కిందనే దాని జవాబు రాయాలి, అంతా పైన ఒకచోట రాసేయకూడదు. ఆ జవాబు బస్సులో కూర్చుని ఫోన్ నుంచి పంపితే లిస్టు తిప్పికొట్టింది. ఫోన్‌లోని జీమెయిల్ యాప్ హెచ్‌టీఎంఎల్‌లో పంపుతుంది, లిస్టుకి సాదా టెక్స్టే కావాలి. ఇంటికి వచ్చి థండర్‌బర్డ్‌లో హెచ్‌టీఎంఎల్ ఆపేసి మళ్లీ పంపాను.

నా మొదటి కమిట్ సందేశం ఒక్క లైను: మెమరీ లీక్ సరిచేశాను, ఖాళీలు శుభ్రం చేశాను. చివరికి నిలబడిన సందేశం తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంది: "చిప్ నుంచి చదవడానికి తీసుకున్న బఫర్‌ని, చదవడం విఫలమైన దారిలో విడిచిపెట్టడం లేదు. అలా విఫలమైన ప్రతిసారీ ఆ మెమరీ పోతుంది. బఫర్‌ని విడిచిపెట్టే లేబుల్ పెట్టి అక్కడికి పంపు. కోడ్ చదువుతుండగా కనపడింది. కంపైల్ చేసి మాత్రమే చూశాను." ఏం జరుగుతోంది, దానివల్ల నష్టం ఏమిటి, ఏం చేస్తున్నాం, ఎంతవరకు పరీక్షించాం. చేశాను అని కాదు, చేయి అని ఆజ్ఞలా రాయడం అక్కడి పద్ధతి. లైన్లు 75 అక్షరాలు దాటకూడదు. చిప్ నా దగ్గర లేదని దాచకుండా చెప్పినందుకు ఎవరూ ఏమీ అనలేదు. నన్నడిగితే ప్యాచ్‌లో అసలు రివ్యూ అయ్యేది ఈ సందేశమే. మూడు లైన్ల కోడ్ సరైందో కాదో వాళ్లకి పది క్షణాల్లో తెలుస్తుంది. ఎందుకు మార్చాలన్నది మనం చెప్తేనే తెలుస్తుంది.

లీక్ ఎప్పటిదో, ఏ లైను ఏ కమిట్‌తో వచ్చిందో చూపే గిట్ బ్లేమ్‌తో తేలింది, డ్రైవర్‌ని కెర్నెల్‌లోకి తెచ్చిన కమిట్ నుంచే ఉంది. ఆ కమిట్ హాష్‌లో మొదటి 12 అక్షరాలు, దాని శీర్షికతో "ఫిక్సెస్" ట్యాగ్ పెట్టాలి. ఖాళీల సవరణ తీసేసి, 21వ రోజున రెండో వెర్షన్ పంపాను. గంటలోపే మెయింటైనర్ తరఫున ప్యాచ్ బాట్ నుంచి మెయిల్. రెండు లోపాలు చూపింది. పాత వెర్షన్‌కీ దీనికీ తేడా ఏమిటో మూడు గీతల లైను కింద రాయలేదు. ఫిక్సెస్ ట్యాగ్ పాత విడుదలలో ఉన్న కమిట్‌ని చూపిస్తోంది, అయినా స్టేబుల్ వాళ్లకి (పాత విడుదలలకి సవరణలు చేర్చేవాళ్లు) సీసీ లైను లేదు. ఆ మూడు గీతల కింద రాసింది కమిట్‌లో కలవదు, చదివేవాళ్ల కోసమే. అందుకే వెర్షన్ల చరిత్రని అక్కడ రాస్తారు. వెంటనే మూడోది పంపేయాలని చేతులు ఉవ్విళ్లూరాయి. ఆగాను. వేరేవాళ్లు కూడా చూసేందుకు కనీసం ఒక రోజు వదలాలి, లేకపోతే గంటకో వెర్షన్‌తో అందరినీ విసిగించినవాళ్లమవుతాం. 24వ రోజున మూడో వెర్షన్ వెళ్లింది. మర్నాడు ఆ నాలుగు లైన్ల రివ్యూయరే "రివ్యూడ్ బై" అని తన పేరిచ్చారు. వేరే మాట ఏమీ లేదు. ఆ ఒక్క లైనుని ఎన్నిసార్లు చదువుకున్నానో లెక్కలేదు.

తర్వాత ఇరవై ఐదు రోజులు ఏమీ లేదు.

ఈ మౌనమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. కారణం తెలిశాక నెమ్మదించాను. నేను మూడో వెర్షన్ పంపడానికి ముందు ఆదివారమే కొత్త కెర్నెల్ విడుదలైంది. విడుదల తర్వాత రెండు వారాలు మెర్జ్ విండో. అప్పటికే సిద్ధంగా ఉన్నవాటిని లైనస్‌కి పంపడంలో మెయింటైనర్లు మునిగి ఉంటారు, కొత్త ప్యాచ్‌లు క్యూలో పడి ఉంటాయి. ఆ విండో ముగిశాక పరీక్షల కోసం వచ్చే మొదటి విడుదల, ఆర్‌సీ1 వచ్చాకే వాటి మొహం చూస్తారు. ఆ రెండు వారాల్లో గుర్తుచేస్తూ మెయిల్ పెట్టకూడదు. మామూలు రోజుల్లో అయినా కనీసం ఒక వారం ఆగాలి. ప్యాచ్ పంపేముందు క్యాలెండర్‌లో ఏ ఆర్‌సీ నడుస్తోందో చూసుకుంటే సగం ఆందోళన తగ్గుతుంది. నాకు ఈ సంగతి ముందే తెలిసుంటే ఇంకో మూడు వారాలు వేరే పని మీద నిశ్చింతగా ఉండేవాణ్ణి.

50వ రోజు సాయంత్రం మెయిల్: మీ ప్యాచ్‌ని స్టేజింగ్-టెస్టింగ్ బ్రాంచ్‌లో కలిపాం, ఒకటి రెండు రోజుల్లో లినక్స్-నెక్స్ట్‌లో (రాబోయే మార్పులన్నీ ముందే కలిపి చూసే ట్రీ) కనపడుతుంది, పరీక్షలు దాటాక స్టేజింగ్-నెక్స్ట్‌కి వెళ్తుంది. అది యంత్రం పంపే మెయిలే. అయినా ఇంట్లో అందరికీ చూపించాను. ఆ తర్వాత తర్వాతి మెర్జ్ విండో వరకు ఆగాలి. 93వ రోజున ప్రధాన ట్రీని ఫెచ్ చేసి, గిట్ లాగ్‌లో నా పేరుతో వెతికితే వచ్చింది.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. ఆర్‌సీ1 వచ్చిన కొన్నాళ్లకి స్టేబుల్ వాళ్ల నుంచి వరసగా మెయిళ్లు. పాత కెర్నెళ్లకి కూడా ఈ సవరణ వెళ్తోందని ఒక్కో వెర్షన్‌కి ఒక్కో మెయిల్. చివరిది మాత్రం "ఫెయిల్డ్" అని మొదలైంది. ఏదో తప్పు చేశానని గుండె జారింది. విషయం ఏమిటంటే, అన్నిటికంటే పాత కెర్నెల్లో ఆ ఫంక్షన్ చుట్టూ వేరియబుళ్ల పేర్లు వేరు, అందుకే ప్యాచ్ తనంతట తాను అతకలేదు. ఏ కమాండ్లు కొట్టాలో, ఏ మెయిల్‌కి జవాబుగా పంపాలో ఆ మెయిల్‌లోనే ఉంది. చెర్రీ-పిక్‌తో ఆ కమిట్‌ని పాత కెర్నెల్ మీదికి తెస్తే ఒక్క లైను దగ్గర కాన్‌ఫ్లిక్ట్. పేరు మార్చి, పాత కెర్నెల్ మీద కంపైల్ చేసి, ముందు సెమీకోలన్ తీసి చూసుకుని మరీ పంపాను. రెండు గంటల పని. ఐదో రోజుకి అదీ కలిసింది.

మొదటి వెర్షన్‌లోంచి తీసేసిన ఖాళీల సవరణని విడి ప్యాచ్‌గా చేసి నిన్న రాత్రి పంపాను. ఇప్పుడు నడుస్తున్నది ఆర్‌సీ3.